బ్రౌన్ బ్రెడ్డు, జొన్న రొట్టె, మధ్యాహ్న భోజనం

పట్నంలో ఉద్యోగం చేసుకునే మనిషికి పొద్దుటి టిఫినూ రాత్రి భోజనమూ ఎంతో కొంత తన చేతిలో ఉంటాయి. చేయి దాటిపోయేది మధ్యాహ్నం తిండే. ఒంటిగంట అయ్యేసరికి హైదరాబాదు మాదాపూర్‌లో, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర, విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒకే హడావుడి. ఆఫీసుల్లోంచి, కోచింగ్ సెంటర్లలోంచి జనం గుంపులుగా బయటికి వస్తారు. అరగంటలో తిని మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. ఎదురుగా ఫ్రైడ్ రైస్ బండి, నూడుల్స్ బండి, బిర్యానీ సెంటరు, బేకరీలో పఫ్ఫులు, ఫుడ్ కోర్టులో బర్గర్లు. వీటిలో ఏది తీసుకున్నా ప్లేటులో ఎక్కువ భాగం తెల్లన్నమో మైదాయో. కడుపు నిండుతుంది. మూడింటికి కళ్ళు మూతలు పడతాయి. ఐదింటికి మళ్ళీ ఆకలేస్తుంది.

ఈ రోజు నేను మీతో మాట్లాడదలచుకున్నది ఈ ఒంటిగంట తిండి గురించి. పొట్టు తీయని ధాన్యం, పప్పు, కూర కలిసిన భోజనం మన నగరాల్లో మామూలు జీతగాడికి అందుబాటు ధరలో, పెద్ద శ్రమ లేకుండా దొరుకుతుందా? దొరుకుతుందనే నా నమ్మకం. అయితే దాన్ని మనం సూపర్ మార్కెట్లో, ‘హెల్త్’ అని బోర్డు పెట్టిన అరల్లో వెతుకుతున్నాం. వీధి మలుపులో పెనం పెట్టుకుని కూర్చున్న రొట్టెలావిడ దగ్గర అది ఇంకా నికార్సుగా, ఇంకా చవగ్గా దొరుకుతుంది. అక్కడికి వస్తాను. ముందు బ్రెడ్డు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోతున్నది అక్కడే.

తెలుగు ఇళ్ళలో బ్రెడ్డు చాలాకాలం జ్వరం తిండి. ఆస్పత్రి గేటు ముందు పళ్ళ బండి మీద బత్తాయిల పక్కనే బ్రెడ్డు ప్యాకెట్లు పెట్టి అమ్మేవారు. రోగిని చూడబోయేవాళ్ళు ఒకటి కొని పట్టుకెళ్ళేవారు. 1965లో కేంద్ర ప్రభుత్వం మోడర్న్ బేకరీస్ సంస్థను నెలకొల్పి నగరాల్లో యంత్రాల మీద బ్రెడ్డు తయారీ మొదలుపెట్టింది. 2000లో ఆ సంస్థ ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది. ఈలోగా బ్రెడ్డు జ్వరం మంచం దిగి పిల్లల లంచ్ బాక్సులోకి, ఆఫీసు సంచిలోకి వచ్చేసింది. రెండు ముక్కల మధ్య కీరదోస, టమాటా, ఉడికిన గుడ్డు పెడితే పని అయిపోతుంది. ఆ వెసులుబాటు ఎంత విలువైనదో పొద్దున్నే ఇద్దరు పిల్లల్ని బడికి పంపి ఏడున్నర బస్సు పట్టుకునే తల్లిని అడిగితే చెబుతుంది. బ్రెడ్డు తినడం తప్పని నేను అనను. ఏ బ్రెడ్డు అన్నదే ప్రశ్న.

గోధుమ గింజలో మూడు భాగాలు ఉంటాయి. పైన పొట్టు, ఒక కొసన మొలక, మధ్యలో పిండి. గింజ బరువులో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఆ మధ్య పిండే. మైదా అంటే అదొక్కటే. పొట్టు, మొలక రెండూ మిల్లులో విడిపోతాయి. మిల్లువాళ్ళు వాటిని తీసేయడానికి కారణం ఉంది. మొలకలో నూనె ఉంటుంది, నిల్వ ఉంటే ఆ నూనె కనరెక్కుతుంది. పొట్టు పదునైన తునకలుగా ఉండి పిండిలోని గ్లూటెన్ అనే జిగురు సాగుడును తెంపుతుంది, రొట్టె పొంగదు. రెండూ పోతే పిండి నెలల తరబడి నిలుస్తుంది, బ్రెడ్డు దూదిలా ఉబ్బుతుంది. వ్యాపారికి అన్ని విధాలా లాభం. తినేవాడికి పోయేదేమిటో హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికల్లో ఉంది. పొట్టు తీయని గోధుమ పిండి, అంటే ఆటా, 100 గ్రాముల్లో పీచు సుమారు 11 గ్రాములు. అదే మైదాలో మూడు గ్రాములు కూడా లేదు. ఇనుము సగానికి పైగా పోతుంది, జింకు మూడింట రెండు వంతులు పోతుంది.

ఆ సంస్థ పుట్టుక కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన ప్రారంభించాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకుంది. బెరిబెరి అంటే కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె నీరసించే జబ్బు. బియ్యాన్ని బాగా పాలిష్ పట్టి, తవుడుతో పాటు బి1 విటమిన్‌ను పారేసి, ఆ తెల్లన్నమే ముప్పూటలా తిన్నవాళ్ళకు వచ్చేది. మన గోదావరి, కృష్ణా జిల్లాల డెల్టా ప్రాంతాల్లోనూ ఒకప్పుడు ఆ జబ్బు ఉండేది. అంటే ఆ సంస్థ పని మొదలైందే గింజ పైపొర పారేస్తే మనిషికి ఏమవుతుందన్న ప్రశ్నతో. వందేళ్ళు దాటాయి. బెరిబెరి దాదాపు కనుమరుగైంది. దాని చోటులోకి మధుమేహం వచ్చింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ - ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నట్టు లెక్కగట్టింది. దానికి తిండి ఒక్కటే కారణం కాదు. కాని తిండి పెద్ద కారణం.

ఇక దుకాణంలోకి వెళదాం. అరలో తెల్ల బ్రెడ్డు పక్కన బ్రౌన్ బ్రెడ్డు ఉంటుంది, మల్టీగ్రెయిన్ ఉంటుంది, ఆటా బ్రెడ్డు ఉంటుంది. ధర పది, ఇరవై రూపాయలు ఎక్కువ. కవరు మీద గోధుమ కంకుల బొమ్మ, పైన నాలుగు ఓట్స్ గింజలు, నువ్వులు. కొనేవాళ్ళు రంగు చూసి కొంటారు. ఆ రంగు ధాన్యానిదే అయి ఉండాలని ఏమీ లేదు. చక్కెరను మాడ్చి చేసే కారమెల్ రంగు కొంచెం కలిపితే మైదా బ్రెడ్డు కూడా ముదురు రంగులో చక్కగా కనబడుతుంది. ఆ రంగు వేసినట్టు కవరు మీద రాసే ఉంటుంది, 150ఎ అనో, 150సి అనో, 150డి అనో చిన్న అంకెగా.

కాబట్టి కవరు ముందువైపు చూడకండి, వెనక్కి తిప్పండి. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఏ పదార్థం ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలి. మొదటి మాట గోధుమ ఆటా అయితే మంచిది. మొదటి మాట ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’ అయితే, దాన్నే బ్రాకెట్లో మైదా అని రాస్తారు, ముందువైపు ఏ బొమ్మ ఉన్నా అది మైదా బ్రెడ్డే. ఉత్త ‘వీట్ ఫ్లోర్’ అని రాసి ఊరుకున్నా అనుమానించండి. చాలా కంపెనీలు శాతం కూడా వేస్తాయి. ఆటా 50 శాతం పైన ఉన్నదాన్నే చూడండి. తరువాత పోషకాల పట్టికలో పీచు దగ్గర వేలు పెట్టండి. ‘పీచు ఎక్కువ’ అని చెప్పుకోవాలంటే 100 గ్రాములకు కనీసం 6 గ్రాములు ఉండాలని నిబంధన. ఆరుకు దగ్గరగా ఉంటే అది నిజమైన ఆటా బ్రెడ్డు. రెండో మూడో ఉంటే రంగుకు డబ్బు పెట్టినట్టు. ఇంకా తీరిక ఉంటే చక్కెర ఎన్నో స్థానంలో ఉందో చూడండి, సోడియం ఎంతో చూడండి. ఈ పని షాపులో నిలబడి ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఒకసారి చూసి పెట్టుకుంటే మళ్ళీ మళ్ళీ చూడక్కర్లేదు.

చేత్తో పట్టుకున్నా కొంత తెలుస్తుంది. పూర్తి ఆటా బ్రెడ్డు అదే సైజు తెల్ల బ్రెడ్డు కన్నా బరువుగా ఉంటుంది, నొక్కితే స్పంజిలా వెనక్కి లేవదు, త్వరగా ఆరిపోతుంది, ముక్కలు రాలుతుంది. వాటిని లోపాలనుకోకండి. ఆ ఆరిపోవడం గురించి ఒక మాట. బ్రెడ్డును ఫ్రిజ్‌లో మామూలు అరలో పెడితే బయటికన్నా త్వరగా గట్టిపడుతుంది. రెండు రోజుల్లో తినేస్తే బయటే ఉంచండి. లేకపోతే ముక్కలుగానే ఫ్రీజరులో పెట్టి, కావలసినప్పుడు తీసి నేరుగా పెనం మీద కాల్చుకోండి. ఆదివారం తెచ్చిన బ్రెడ్డు శుక్రవారం దాకా వస్తుంది.

బ్రెడ్డు భద్రత గురించి కూడా శ్రోతలు అడుగుతుంటారు. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అక్కడి బ్రెడ్లు, బన్నులు పరీక్షించి, వాటిలో చాలావాటిలో పొటాషియం బ్రోమేట్, పొటాషియం అయొడేట్ ఆనవాళ్ళు ఉన్నాయని బయటపెట్టింది. పిండి బాగా పొంగడానికి వేసే మందులివి. బ్రోమేట్ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం బ్రోమేట్‌ను నిషేధించింది. ఒక ప్రజాసంస్థ పరీక్ష చేసి మాట్లాడితే నెలలోపు నిబంధన మారింది. అడిగితే మారుతుందని చెప్పడానికే ఇది చెప్పాను.

నగరాల్లో ఇప్పుడు పూర్తి గోధుమతో, సహజంగా పులియబెట్టి బ్రెడ్డు చేసే చిన్న బేకరీలు వచ్చాయి. బెంగళూరులో, ముంబైలో, హైదరాబాదు జూబ్లీహిల్స్ వైపు దొరుకుతాయి. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ బేకరీ ముడి గోధుమ రొట్టెలకు ఎప్పటినుంచో పేరు. రుచి బాగుంటుంది, ధర మాత్రం మామూలు ఇంటికి బరువు. గోవాది వేరే దారి. అక్కడ పోదేర్ అనే రొట్టెలవాళ్ళు పొద్దున్నే సైకిలు హారను మోగిస్తూ వీధుల్లో తిరుగుతారు. వాళ్ళ బుట్టలో పోయ్ అనే గుండ్రటి రొట్టె ఉంటుంది, గోధుమ పొట్టు కలిపి చేసినది. పూర్వం కల్లుతో పులియబెట్టేవారు. పోర్చుగీసుల దగ్గర నేర్చుకున్న విద్యను గోవావాళ్ళు తమ ఊరి తిండిగా, పేదవాడు కొనుక్కోగలిగే ధరలో నిలుపుకున్నారు. నాకు ఆ పోయ్ అంటే చాలా గౌరవం.

మనకు అలాంటిది లేదా అంటే ఉంది. సాయంత్రం ఆరు తరువాత కూకట్‌పల్లిలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో రోడ్డు వెంట నడిచి చూడండి. ఫుట్‌పాత్ మీద గ్యాస్ పొయ్యి, దాని మీద పెద్ద పెనం, పక్కన స్టీలు పళ్ళెంలో జొన్నపిండి. ఒక ఆడమనిషి కూర్చుని టపటపా చేత్తో రొట్టె తడుతూ ఉంటుంది. చుట్టూ నలుగురైదుగురు నిలబడి ఉంటారు. వాళ్ళలో హాస్టలు పిల్లలు, సెక్యూరిటీ గార్డులు, డాక్టరు చెప్పాడని వచ్చిన పెద్దమనుషులు. కొన్నేళ్ళ కింద జొన్న రొట్టె అంటే పల్లె తిండి, పేద తిండి అని చిన్నచూపు చూసిన హైదరాబాదు ఇప్పుడు దానికోసం లైను కడుతోంది.

ఆ రొట్టె చేయడం చూస్తే దాని విలువ తెలుస్తుంది. జొన్నలో గోధుమలాగా గ్లూటెన్ లేదు, చపాతీలా కర్రతో ఒత్తితే పగిలిపోతుంది. అందుకే మరుగుతున్న నీళ్ళు పోసి పిండి కలుపుతారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురొస్తుంది. వేళ్ళు కాలుతున్నా అరచేతితో మెదిపి, పొడిపిండి చల్లి, చేతితో తడుతూ తిప్పుతూ పల్చగా చేస్తారు. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దుతారు. తిప్పి కాలిస్తే పొంగుతుంది. నూనె చుక్క పడదు. ఉప్పు కూడా చాలామంది వేయరు. పిండి, నీళ్ళు, నిప్పు. జొన్నలో పీచు 100 గ్రాములకు 10 గ్రాములు, అంటే పాలిష్ బియ్యానికి మూడు రెట్లకు పైగా. ఇంత మంచి రొట్టె పదో పదిహేనో ఇరవయ్యో రూపాయలకు దొరుకుతుంటే, కారమెల్ రంగు వేసిన ప్యాకెట్టుకు అరవై రూపాయలు పెట్టడంలో నాకు న్యాయం కనబడదు.

చిక్కల్లా ఒక్కటే. ఈ రొట్టె సాయంత్రం దొరుకుతుంది, మనకు కావలసింది మధ్యాహ్నం. దీనికి రెండు దారులు. జొన్న రొట్టె చల్లారితే గట్టిపడుతుంది కాని పాడవదు. రాత్రి రెండు ఎక్కువ తీసుకుని, గుడ్డలో చుట్టి పెట్టుకుని, మర్నాడు బాక్సులో పట్టుకెళ్ళవచ్చు. పప్పులోనో మజ్జిగలోనో నానబెట్టి తింటే మెత్తబడుతుంది. కర్ణాటకలో కలబుర్గి, విజయపుర వైపు జొన్న రొట్టెలను కరకరలాడేలా ఎండబెట్టి వారాల తరబడి దాచుకుంటారు. అక్కడి స్వయం సహాయక సంఘాల మహిళలు వాటిని కట్టలు కట్టి నగరాలకు పంపుతున్నారు. అలాంటి ఎండు రొట్టెల కట్ట ఒకటి ఆఫీసు సొరుగులో ఉంటే, పెరుగూ ఉల్లిపాయా తోడైతే, ఎక్కడికీ పరుగెత్తక్కర్లేదు. తాండూరు, నారాయణపేట, జహీరాబాదు ప్రాంతాల్లో జొన్న రొట్టె ఇవాళ్టికీ ఇంటి తిండే. మన సంఘాలూ ఈ పని చేయవచ్చు.

రెండో దారి, ఇప్పుడు మధ్యాహ్నం కూడా రొట్టెలు పెట్టే కర్రీ పాయింట్లు పెరుగుతున్నాయి. కర్రీ పాయింట్ మన తెలుగు నగరాలకు దొరికిన గొప్ప సదుపాయమని నేను మనస్ఫూర్తిగా అంటాను. అన్నం ఇంట్లో వండుకుని, కూర, పప్పు, సాంబారు కొని తెచ్చుకోవడం. ఒంటరిగా గదిలో ఉండే కుర్రాడికి, ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంటికి, ఓపిక లేని ముసలివాళ్ళకు అది అన్నపూర్ణ. కాని అక్కడ కొనేటప్పుడు కన్ను తెరిచి కొనాలి. గిన్నె అంచున నూనె తేలుతున్న గుత్తివంకాయా బెండకాయ వేపుడూ ముందు ఆకర్షిస్తాయి. వాటి వెనక పాలకూర పప్పు ఉంటుంది, తోటకూర ఉంటుంది, బీరకాయ పెసరపప్పు ఉంటుంది, కోడిగుడ్డు పులుసు ఉంటుంది. నా సలహా ఒక ఆకుకూర పప్పు, ఒక కూర, వేపుడు వద్దు. ఇంకొక మాట. పొగలు కక్కే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవరులో పోయించుకోకండి. ఒక స్టీలు బాక్సు సంచిలో ఉంచుకోండి. బాక్సిస్తే కాదనే కొట్టువాడు ఉండడు, కవరు ఖర్చు అతనికీ మిగులుతుంది.

అన్నం మానేయమని మన వాళ్ళకు చెప్పి లాభం లేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. దంపుడు బియ్యం తెచ్చుకోండి. అరగంట ముందు నానబెట్టి, నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి, కుక్కరులో ఒకటో రెండో విజిల్స్ ఎక్కువ రానివ్వండి. పూర్తి ముడి బియ్యం నమలలేకపోతే ఒక పట్టు మాత్రమే పట్టిన బియ్యంతో మొదలుపెట్టండి. కొర్రలు, సామలు అన్నంలా వండుకోవచ్చు, ఇడ్లీ రవ్వ బదులు వేసుకోవచ్చు. రాయలసీమ హోటళ్ళ పుణ్యమా అని రాగి సంగటి ఇప్పుడు తిరుపతి నుంచి హైదరాబాదు దాకా దొరుకుతోంది. రాగిలో కాల్షియం 100 గ్రాములకు 360 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, ఏ ఇతర ధాన్యానికీ ఆ సంపద లేదు. అయితే సంగటిలో సగానికి సగం తెల్లన్నం కలిపే చోట్లు ఉన్నాయి, రంగు చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడ మధుమేహం ఉన్న శ్రోతలకు ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ముడి గోధుమ బ్రెడ్డు కాబట్టి చక్కెర పెరగదు అనుకోవద్దు. గింజను మెత్తగా పిండి కొట్టాక, తెల్ల బ్రెడ్డుకూ గోధుమ బ్రెడ్డుకూ రక్తంలో చక్కెర పెరిగే వేగంలో తేడా చాలా తక్కువ. ఆ వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచీకి 2008లో ప్రచురితమైన అంతర్జాతీయ పట్టికల్లో తెల్ల బ్రెడ్డుకు సగటున 75, గోధుమ బ్రెడ్డుకు 74. పీచు, ఇనుము, విటమిన్ల లాభం నిజం. చక్కెర సంగతికి వచ్చేసరికి దానితో ఏం తింటున్నారు, ఎన్ని ముక్కలు తింటున్నారు అన్నది ప్రధానం. రెండు ముక్కల మధ్య జాము పూస్తే ఒక ఫలితం, శనగల ముద్దో గుడ్డో పెట్టి కూరగాయలు నింపితే మరొక ఫలితం. 2024లో పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా రోజు శక్తిలో 45 శాతానికి మించి ధాన్యాల నుంచి రాకూడదని చెబుతున్నాయి. 2000 కేలరీల తిండిలో ధాన్యం 250 గ్రాములు ఉంటే, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. మన భోజనం ప్లేటులో ఈ లెక్క పూర్తిగా తలకిందులై ఉంది.

బాక్సు కట్టుకుని వెళ్ళేవాళ్ళకు మన దగ్గరున్న తిండి తక్కువేమీ కాదు. పెసరట్టు చూడండి. పొట్టుతో సహా పెసలు నానబెట్టి రుబ్బి వేసేది. చల్లారినా తినవచ్చు, కడుపులో నిలుస్తుంది, ఉల్లిపాయా అల్లమూ లోపలే ఉంటాయి. దాన్ని పొద్దుటి టిఫినుకే పరిమితం చేయడం మన అలవాటు మాత్రమే. ఉలవ గుగ్గిళ్ళు, శనగ గుగ్గిళ్ళు రాత్రి నానేస్తే పొద్దున కుక్కరులో పది నిమిషాల పని. దంపుడు బియ్యంతో పెరుగన్నం కట్టేటప్పుడు పెద్దవాళ్ళు చేసిన పద్ధతి పాటించండి. ఎక్కువ పాలు, ఒకే ఒక చెంచా పెరుగు వేసి కలపాలి. ఒంటిగంటకు కమ్మగా తోడుకుని ఉంటుంది, పులవదు. దానిమ్మ గింజలో, తురిమిన క్యారెట్టో, గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళో కలిపితే అదే పూర్తి భోజనం.

ఇంతవరకు చెప్పినదంతా ఎవరు చేస్తారన్న ప్రశ్న నన్ను వదలదు. ఇంటి బాక్సును పొగిడే మనం ఆ బాక్సు వెనక ఐదింటికి లేచిన మనిషిని మరచిపోతాం. మన ఇళ్ళలో దాదాపు ఎప్పుడూ ఆ మనిషి ఆడదే. అమ్మో, భార్యో, అత్తగారో. ఆవిడకూ ఉద్యోగం ఉంటుంది, ఆవిడా అదే ఒంటిగంటకు ఏదో ఒకటి తినాలి. ముంబైలో 1890 నుంచి డబ్బావాలాలు ఇంటి భోజనాన్ని ఆఫీసులకు చేరుస్తున్నారు. మోసే శ్రమను పంచుకున్నారు, వండే శ్రమ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఆరోగ్యకరమైన భోజనం ఒక ఇల్లాలి నిద్రను ఖర్చుపెట్టి సంపాదించేదిగా ఉండకూడదు. అది బజారులో, క్యాంటీన్లో, హాస్టలు మెస్సులో డబ్బిచ్చి కొనుక్కునేదిగా ఉండాలి. ఇంట్లో మగవాళ్ళు గుగ్గిళ్ళు నానబెట్టడం నేర్చుకుంటే అది ఇంకా మంచిది.

ప్రభుత్వాలు చవక భోజనం పెట్టగలవని మన కళ్ళముందే రుజువైంది. హైదరాబాదులో 2014 నుంచి ఐదు రూపాయల భోజనం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ప్రారంభమైన అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి, అక్కడా ఐదు రూపాయలే. కూలీలు, ఆటోవాళ్ళు, పని వెతుక్కుంటూ వచ్చిన పల్లెవాళ్ళు ఆ భోజనం మీద బతుకుతున్నారు. దాన్ని పెట్టినవాళ్ళకు దండం. ఇప్పుడు నా కోరిక, ఆ పళ్ళెంలో వారానికి రెండు రోజులైనా తెల్లన్నం బదులు జొన్న, రాగి, కొర్ర, దంపుడు బియ్యం రావాలి. చెన్నైలో 2013లో మొదలైన అమ్మ ఉణవగం అనే చవక క్యాంటీన్లు సాయంత్రం పప్పుతో చపాతీ పెట్టాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధనకు జాతీయ సంస్థే ఉంది. భారత్ అడిగితే ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది సభలు జరిగాయి, రాగి బిస్కెట్లు, జొన్న కుకీలు అరల్లోకి వచ్చాయి. వాటిలో కొన్నిటి కవరు తిప్పి చూస్తే మొదటి మాట మైదాయే. చిరుధాన్యం బిస్కెట్టుగా మారి వంద రూపాయల ప్యాకెట్టులో కూర్చోవడం వల్ల పండించిన రైతుకూ తినే కూలీకీ ఒరిగేది తక్కువ. అది రొట్టెగా, సంగటిగా, అన్నంగా భోజనంలోకి రావాలి.

శ్రోతల్లో ఆఫీసు క్యాంటీన్ కమిటీల్లో ఉన్నవాళ్ళు, హాస్టళ్ళు నడిపేవాళ్ళు, బడుల యాజమాన్యాలు ఉంటారు. మీ చేతిలో రోజూ వందల పళ్ళేలు ఉన్నాయి. మెనూలో ఒక ముడి ధాన్యం, ఒక ఆకుకూర పప్పు ప్రతిరోజూ ఉండేటట్టు చూడండి. వీధిలో రొట్టెలు చేసే ఆడవాళ్ళను పిలిచి మధ్యాహ్నం మీ ఆవరణలో ఒక పొయ్యి పెట్టుకోనివ్వండి. నీడ, నీళ్ళు, పొయ్యి పెట్టుకునే చోటు, ఇంతకు మించి వాళ్ళు అడగరు. తక్కిన అందరికీ నా విన్నపం ఇది. రేపు మీరు భోజనం కొనే చోట, అది హోటలైనా కర్రీ పాయింటైనా క్యాంటీనైనా, జొన్న రొట్టె ఉందా, దంపుడు బియ్యం అన్నం ఉందా అని అడగండి. లేదంటే మర్నాడు మళ్ళీ అడగండి. పదిమంది అడిగిన వస్తువును తెప్పించని కొట్టువాడిని నేను మన ఊళ్ళలో చూడలేదు.